ఆకుపచ్చ చీర మీద జాతర కుంకుమ

మునిలక్ష్మీ,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి పద్నాలుగు నెలలయింది. పోయిన ఏడాది కూడా ఒకసారి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ, ఏం రాయాలో తోచక లేచిపోయాను. ఇప్పుడు రాయడానికి ఒక సంగతి ఉంది. ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. నువ్వు నవ్వవు… తిడతావు. ఆ తిట్లు విని కూడా పద్నాలుగు నెలలే.

ముందు మంచి మాట చెబుతాను. మన హేమకు ఏడో నెల. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. పుల్లమామిడికాయ ఎక్కడ కనబడినా వదలడం లేదు, అచ్చం నీలాగే.

సంతోషం వెనకే ఒక చిక్కు కూడా వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. పుత్తూరులో దాని అత్తగారు మంచి మనిషే, మాట కూడా మెత్తగానే అన్నది. తల్లిలేని ఇల్లు, ఒంటరి మగవాడు, పురిటి మనిషిని ఎట్లా చూసుకుంటాడు, బిడ్డ ఇక్కడే ఉంటే మేలు కదా అని. ఆ మాటలో తప్పేముంది? హేమను అడిగితే ఆలోచించి చెబుతానన్నది. ఆలోచించడానికి ఏముంది అనిపించింది నాకు. మన ఇంట్లో పుట్టిన బిడ్డ, మన ఇంటికి రావడానికి ఆలోచిస్తుందా అని లోపల చివుక్కుమన్నది. పైకి మాత్రం సరేలే అన్నాను.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది.

హేమకు ఆరో ఏట అమ్మవారు పోసినప్పుడు నువ్వు గంగమ్మకు మొక్కుకున్నావు కదా. బిడ్డ బతికి బట్టకట్టి, తానూ ఒక బిడ్డకు తల్లయ్యే వరకు ఏటేటా నా మొగుడికి నా చీర కట్టించి నీ ముందర నిలబెడతానని. మొక్కింది నువ్వు, చీర కట్టింది నేను. మీసం తీయకుండా, జడ పెట్టుకుని, పూలు ముడుచుకుని, మొహానికి కుంకుమ, చేతులకు గంధం పూసుకుని, వేపమండ పట్టుకుని… ఆ ఎండలో వీధులన్నీ తిరిగి ఇంటికి వస్తే, నాకు మంచినీళ్ళు ఇవ్వక ముందే చీర విప్పమనేదానివి. "మనిషికి ఆగొచ్చు, మరకకు ఆగకూడదు" అనేదానివి. గుర్తుందా?

పోయిన ఏడాది ఏడు తిరగలేదని వేషం వేయలేదు. ఈ ఏడు వేయాలి. వచ్చే జాతర నాటికి హేమ చేతిలో బిడ్డ ఉంటుంది కాబట్టి ఇదే ఆఖరు వేషం కూడా. ఆసుపత్రిలో నువ్వు చెప్పిన మాట మనసులో పెట్టుకునే ఉన్నాను. "జాతర చీర బీరువాలో గుడ్డలో చుట్టిపెట్టినాను, సూసుకో" అన్నావు. కింది అర అని కూడా అన్నావేమో… నాకు గుడ్డలో చుట్టిపెట్టావన్నదే గుర్తుంది.

బీరువా తెరిచాను. పై అరలో తెల్ల మల్లుగుడ్డలో చుట్టి ఒక మూట. విప్పితే ఆకుపచ్చ పట్టుచీర. ఎర్ర అంచు. మడత కూడా విప్పని కొత్తది. మూలన పసుపు బొట్టు పెట్టి ఉంది.

అది చూసి నేను బీరువా ముందే కూలబడిపోయాను. నీకు తెలిసిపోయింది, నువ్వు ఉండవని. అందుకని నా ఆఖరు వేషానికి కొత్త పట్టుచీర కొని, పసుపు పెట్టి దాచి వెళ్ళావు… అనుకున్నాను. ఎంత ఏడ్చానో చెప్పను. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, వీధిలో నలుగురికీ చూపించాను కూడా. చూడండి, నా పెండ్లాం పోతూ పోతూ నాకు పట్టుచీర కొనిపెట్టి పోయిందని. నలుగురూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ చీర కట్టుకుని మూడు వీధులు తిరిగాను. ఆ ఎండకు మొహం మీది కుంకుమ చెమటతో కలిసి ఎడమ భుజం మీదికి కారింది. గంధం కొంగుకు పట్టింది. ఎవరో పోసిన పసుపునీళ్ళు అంచు పక్కన ఆకుపచ్చ మీద పడ్డాయి. ఇంటికి వచ్చి విప్పి లోపలి గదిలో దండెం మీద వేశాను. మంచినీళ్ళు తాగాను. పడుకున్నాను. చీర విప్పమని తొందరపెట్టే మనిషి లేదు కదా. మర్నాడూ చూడలేదు, ఆ మర్నాడూ చూడలేదు.

నాలుగో రోజు హేమ వచ్చింది. సీమంతానికి పన్నెండు రోజులుంది. కూర్చుని, మజ్జిగ తాగి, అప్పుడు అడిగింది. "నాయనా, నా సీమంతానికని అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కొనిపెట్టింది. పై అరలో మల్లుగుడ్డలో చుట్టి ఉండాది. తీసి ఇస్తావా?"

అప్పుడు నా మొహం ఎట్లా ఉండిందో నువ్వు చూడాలి…

నాకెందుకు చెప్పలేదు మునిలక్ష్మీ? చెబితే వీధంతా చాటింపు వేస్తానని కదా? అది నిజమే అనుకో. హేమ పెళ్ళయిన నెలలోనే నారాయణవనం పోయి, నేతగాళ్ళ ఇంట్లో కూర్చుని, నువ్వే రంగు చెప్పి నేయించావంట, హేమే చెప్పింది. తల్లీకూతుళ్ళ మధ్య మాట. నేను మాత్రం అది నా వేషానికే అనుకుని మురిసిపోయాను.

ఇస్త్రీకి ఇచ్చానని అబద్ధం చెప్పాను. మడత విప్పని చీరకు ఇస్త్రీ ఎందుకని అది అడగలేదు. నా మొహం వైపు ఒకసారి చూసి, రవికెగుడ్డ కత్తిరించి పంపమని చెప్పి బస్సుకు పోయింది. రవికెగుడ్డ మరక పడకుండా మిగిలింది. తెలిసినవాళ్ళు పుత్తూరు పోతుంటే చేతికిచ్చి పంపాను.

అది పోయాక కింది అర చూశాను. పాత దిండు గలీబులో, వక్కరంగు నూలు చీర. ఉతికి, పలచగా గంజి పెట్టి, మడిచి ఉంది. నేను ఏటా కట్టిందే. కుంకుమ పడినా కనబడదని ఆ రంగు ఎంచావని నాకు ఇన్నేళ్ళకు అర్థమయింది.

ఇక నా ఉతుకుడు సంగతి.

ముప్పై ఏళ్ళుగా అంగడిలో సబ్బులు అమ్ముతున్నవాణ్ణి. బట్టల సబ్బు, సోడా, నీలం, కుంకుడుకాయలు, సీకాయపొడి… ఏ అరలో ఏముందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఏది ఏ గుడ్డకో మాత్రం తెలియదు. తెలియదని కూడా ఆరోజు దాకా తెలియదు. మన అంగడిలో ఉన్న మంచి సబ్బుబిళ్ళ తెచ్చి, చీర తడిపి, భుజం మీద బాగా రుద్దాను.

అరచేయంత మరక పళ్ళెమంత అయింది. అంచు పక్కనున్న పసుపు సబ్బునీళ్ళు తగిలి ఎర్రగా మారింది. గాయం నుంచి వచ్చినట్టు. "పసుపుకు సబ్బు పెడితే నెత్తురు కక్కుతాది" అని నువ్వు పనిమనిషికి చెబుతుంటే ఎన్నిసార్లు వినలేదు నేను? పేపరు చదువుతూ విన్నాను కదా, ఎక్కడ నిలుస్తుంది?

నిమ్మకాయ పిండితే ఆ ఎరుపు పోయి మళ్ళీ పసుపు అవుతుందని కూడా నువ్వే అనేదానివి. అది గుర్తొచ్చింది. రెండు చుక్కలు పిండగానే పసుపు రంగుకు తిరిగింది. ఆ కాసేపు నాకంటే తెలివిగలవాడు తిరుపతిలో లేడు అనిపించింది. అదే ధైర్యంతో కుంకుమ మీద కూడా పిండాను. అది కదలలేదు. మెదలలేదు.

మర్నాడు పొద్దున్నే చీరను సంచిలో పెట్టుకుని, మన వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న చెంగల్రాయుడి దగ్గరకు పోయాను. ఆయన వెలుతురుకు పట్టి చూసి, వేలితో తడిమి, "దీనికి సబ్బు పెట్టినదెవురు సామీ?" అన్నాడు. నేను ఖాళీ సంచి మడత పెట్టసాగాను. ఆయనకు తెలిసిపోయింది.

ఇది పసుపు, సున్నం కలిపి చేసిన ఇంటి కుంకుమ కాదంట. అదైతే నిమ్మకాయకు లొంగేదంట. ఇది బజారు కుంకుమ, ఉత్త రంగు. పైగా పట్టులో కూర్చుంది, పైగా నాలుగు రోజులయింది, పైగా నేను సబ్బు రుద్దాను. తాను చేయలేనన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు… ఇట్లాంటివి తన దగ్గరకు వస్తే తాను నీ దగ్గరకు వచ్చేవాడంట. పెరటి వాకిలి దగ్గర నిలబడి అడిగిపోయేవాడంట. నాకు తెలియనే తెలియదు. ఊళ్ళో వాళ్ళ చీరలకు నువ్వు వైద్యం చెబుతుంటే నేను ఎక్కడున్నాను? అంగడిలో సబ్బులు అమ్ముతున్నాను.

నువ్వు తనకు చెప్పింది ఆయన నాకు చెప్పాడు. రుద్దకూడదు, అద్దాలి. మరక కింద పొడి తెల్లగుడ్డ పరిచి, చీరను బోర్లా వేసి, వెనక వైపు నుంచి కుంకుడునురుగు అద్దాలి. రంగు కింది గుడ్డలోకి దిగుతుంది. దిగినంత దిగాక ఆపాలి. చన్నీళ్ళతో జాడించి, పిండకుండా, నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే మరకకంటే ముందు చీర రంగు పోతుంది. మర్నాడు మళ్ళీ. ఒకేరోజు తీసేద్దామని చూస్తే పట్టు చీలుతుంది.

ఆరోజే ఒక పాత పంచె చింపి ముక్కలు చేశాను. రోజూ అంగడి తెరిచే ముందు పెరట్లో కూర్చుని అద్దడం. కుంకుడుకాయలు గింజ తీసి రాత్రే నానబెట్టి, పొద్దున పిసికి, వడగట్టి, నురుగు మాత్రం తీసుకోవడం. గింజలతో సహా నానేసి మొదటిరోజు ఎంత అవస్థ పడ్డానో… చేతివేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. నీ చేతులు ఎప్పుడూ అట్లాగే ఉండేవి. నేను ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

మొదటి ముక్క ఎర్రగా వచ్చింది. రెండోది దానికంటే తక్కువ. ఐదో ముక్క గులాబీ రంగు. ఎనిమిదో ముక్క దాదాపు తెల్లగా వచ్చింది. పసుపు కూడా ఆ నురుగుకే కొద్దికొద్దిగా వదిలింది. గంధం సులువుగానే పోయింది, ఎండిపోయి ఉంది కాబట్టి దులిపి మెత్తటి గుడ్డతో తుడిచాను. భుజం దగ్గర మాత్రం తమలపాకంత మేర నిలిచిపోయింది. ఎరుపు అనలేము, కాదనీ అనలేము. ఆ చోట ఆకుపచ్చ కూడా కాస్త వెలిసింది. తొమ్మిదో రోజు ముక్క తెల్లగానే వచ్చింది. ఇంక దిగేది లేదు.

సీమంతానికి మూడు రోజులుంది. మడతలో కనబడకుండా పెట్టి ఇచ్చేద్దామా అనుకున్నాను. అబద్ధం ఎందుకు, రెండు రకాలుగా మడిచి చూశాను కూడా. ఒకప్పుడు నేను చొక్కా మీద ఇంకు పోసుకుని దాచిపెట్టినప్పుడు నువ్వు అన్నది అప్పుడే గుర్తుకు రావాలా? "పడిన గంటలో చెప్పుంటే నేను తీసుందును. వారం దాచి తెస్తే ఆ దేవుడు కూడా తియ్యలేడు." పడిన రోజు చెప్పి ఉంటే హేమ ఏం చేసేదో. పట్టు సంగతి దానికి నాకంటే తెలుసు. నేను తొమ్మిది రోజులు దాని నుంచి దాచాను.

పుత్తూరు బస్సెక్కాను. వడమాలపేట దగ్గర బస్సు ఆగితే దిగి వెనక్కి వచ్చేద్దామనిపించింది. దిగలేదు. హేమ ఇంటికి పోయి, వసారాలో దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, చీర విప్పి చూపించి, అంతా చెప్పాను. బీరువా దగ్గర నేను ఏడ్చిన సంగతి కూడా చెప్పాను.

అది మరక మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత చీర తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ బయటకు రాలేదు. దాని అత్తగారు కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. అది నాతో ఒక్క మాట కూడా అనలేదు మునిలక్ష్మీ. తిట్టినా బాగుండేది. కానుపుకు రాదు అనుకున్నాను. చీర ఒకటి జాగ్రత్త చేయలేనివాడి ఇంటికి కడుపుతో ఉన్న మనిషి ఎందుకు వస్తుంది?

సీమంతం రోజు పళ్ళు, పూలు, గాజులు తీసుకుని పోయాను. తల్లి చేయవలసినవన్నీ నా చెల్లెలు చేసింది. హేమను తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీరే కట్టింది. జాతర రోజు నేను కుచ్చిళ్ళు సరిగా పెట్టక కొంగు పొడుగు వదిలాను. అది కుదురుగా కట్టేసరికి నా భుజం మీది మరక దాని కడుపు మీదికి వచ్చింది. సరిగ్గా ముందర. దాచడానికి లేదు. దాచుకోవాలని అది చూసినట్టు కూడా లేదు.

మగవాళ్ళ మధ్య కూర్చున్నాను కానీ నా చూపంతా ఆ తమలపాకంత మేర మీదే. ఎవరు అడుగుతారో, ఎవరు ముక్కు మీద వేలేసుకుంటారో…

ముత్తైదువలు ఒక్కొక్కరే లేచారు. బుగ్గలకు గంధం, నుదుట కుంకుమ, చేతులకు పసుపు, పైన అక్షింతలు. పన్నెండు మందో, పదిహేను మందో. ఒకామె చేతిలో గంధం గిన్నె ఒరిగి ఇంత ఒలికింది. ఒక ముసలామెకు చెయ్యి వణికి కుంకుమ కడుపు మీద రాలింది. గాజులు తొడిగేటప్పుడు పసుపు వేళ్ళు చీరకే తుడుచుకున్నారు. హారతి ఇచ్చేసరికి ఆ చీరకు మరక లేని చోటు లేదు. నేను మెడ చాచి చాచి చూశాను. నాది ఏదో నాకే కనబడలేదు.

భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా వసారాలో తాంబూలాలు సర్దుతున్నారు. కానుపు మాట వచ్చింది. హేమ అత్తగారు నా చెల్లెలితో మళ్ళీ అదే అన్నది. మంచిగానే అన్నది. వంటకు మనిషిని పెట్టుకోవచ్చు, పిలిస్తే డాక్టరు వస్తుంది, కానీ పురిటి గుడ్డలున్నాయే, రోజుకు ఇరవై అవుతాయి, అవి పరాయివాళ్ళకు ఇవ్వలేము, "ఉతికేదానికి ఆ ఇంట్లో ఆడదిక్కు యాడుండాదమ్మా?" అన్నది.

నేను తల వంచుకున్నాను.

హేమ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూడు రోజులుగా నాతో మాట్లాడని మనిషి. నా వైపు చూడలేదు. గాజులు పైకి జరుపుకుంటూ, "మా నాయన ఉతుకుతాడులే అత్తా" అన్నది.

అందరూ నా వైపు తిరిగారు. ఎవరో నవ్వారు. హేమ నవ్వలేదు. "నిజమే సెబుతుండా. నేర్చుకున్నాడు" అన్నది.

నేను కండువాతో మొహం తుడుచుకున్నాను. చెమట అనుకుని ఉంటారు.

హేమ మన ఇంటికి వచ్చి ఈరోజుకు ఆరు రోజులు. లోపలి గదిలో నిద్రపోతోంది. నా చెల్లెలు నెల తిరగగానే వస్తానన్నది, పురుడు పోసేదాకా ఉంటుందంట. వచ్చిన రోజే హేమ సంచి విప్పి ఆ చీర నా చేతిలో పెట్టింది. గంధం దులిపేశాను. పసుపు సగం పోయింది. కుంకుమ ఇంకా దిగుతోంది, ఈసారి ఎన్ని ముక్కలకు ఆగుతుందో చూడాలి. పొద్దున అది వచ్చి నా పక్కన పెరట్లో కూర్చుని, అద్దే చెయ్యి ఇంకా తేలిగ్గా పెట్టమని చెప్పింది. నువ్వు దానికి నేర్పావు కదా, నాకు తప్ప.

ఒక్కటి అడగాలి. పురిటి గుడ్డలకు చన్నీళ్ళా, వేడినీళ్ళా? నెత్తుటి మరకకు వేడినీళ్ళు తగిలితే పట్టుకుంటుందని చెంగల్రాయుడు అన్నాడు. మరి పసిబిడ్డ గుడ్డలు కాచిన నీళ్ళలో వేయాలంటారు కదా, ముందు చన్నీళ్ళలో జాడించి తర్వాత వేయాలా? నువ్వు ఎట్లా చేశావు? హేమ పుట్టినప్పుడు నెలరోజులు పెరటి నిండా తెల్లగుడ్డలు ఆరేసి ఉండేవి. వాటి కింద తల వంచుకుని అంగడికి పోయేవాణ్ణి. ఒక్క గుడ్డ ముట్టుకోలేదు. ఎవరు ఉతుకుతున్నారని కూడా అడగలేదు. పచ్చి బాలింతవు, నువ్వే ఉతికావా?

ఇప్పుడు అడిగితే ఏం లాభం…

ఈసారి నేను ఉతుకుతాను మునిలక్ష్మీ. ప్రతి ఒక్కటీ.

ఉంటాను మరి. మబ్బు పట్టింది, దండెం మీది గుడ్డలు తీయాలి.

నీ
కృష్ణయ్య